వంకరేకు తల్లి కొండ

పూర్వం కృష్ణవేణి ఒడ్డున, ఆరామాలలో బుద్ధవందనమూ ఆలయాలలో రుద్రాభిషేకమూ ఒకే ఉషఃకాలాన చెవినబడే రోజులలో, మల్లపరాజు అనే మండలేశ్వరుడు ధర్మం తప్పక పాలన సాగిస్తుండేవాడు. ఆయన ఏలుబడిలోని ఒక చిన్న కొండమీద, కుడిపాదం కిందికి చాచి, ఎడమచేత నల్లకలువ పట్టి, మందహాసంతో ఆసీనురాలైన అమ్మవారు ఉండేది. ఆమెను అక్కడ ఎవరు ప్రతిష్ఠించారో ఎవరూ ఎరుగరు. కొండకింద ఉండే సబ్బమ అనే ఇల్లాలు నిత్యం దీపం పెట్టి, "అమ్మా" అని పిలిచి, దండం పెట్టుకుని దిగివచ్చేది. అంతకుమించిన నామధేయం ఆమెకు అవసరం కాలేదు.

తల్లి చిన్ననాడే పోగా, ఇద్దరు తమ్ముళ్ళను తానే పెంచి పెద్దచేసింది ఆ సబ్బమ. పెద్దవాడు ఎర్రయ బౌద్ధంలోని వజ్రయాన దీక్ష పుచ్చుకుని వజ్రశీలాచార్యుడైనాడు. చిన్నవాడు కొమ్మయ శైవదీక్ష పుచ్చుకుని సోమశివుడైనాడు. మంత్రశాస్త్రంలో ఇద్దరూ ఉద్దండులే, అక్క మాట వినడంలో మాత్రం ఇద్దరూ అంతంతమాత్రమే.

కొంతకాలానికి ఆ అన్నదమ్ములకు అమ్మవారి విషయమై వాదం పుట్టింది. ఈమె తారాభగవతి అనీ, తమవారి బీజాక్షరాలనూ మండలాలనూ శైవులు తీసుకుపోయి శివుడి పేరు చేర్చుకున్నారనీ అన్నగారు. ఈమె సాక్షాత్తు శివశక్తి అనీ, తమ ఆగమాలనే బౌద్ధులు తిరగరాసుకున్నారనీ తమ్ముడుగారు. శిష్యులు రెండు జట్లై కొండదారిలోనే కేకలు వేసుకోసాగారు. అది చూడలేక మల్లపరాజు, ఇద్దరూ అమ్మవారి ఉపాసనా మండలాన్ని తన ఎదుట రంగుపొడులతో రచించాలనీ, ఎవరిది ప్రామాణికమని తేలితే కొండ వారిదనీ, ఓడినవారు సపరివారంగా నది దాటి వెళ్ళిపోవాలనీ, మళ్ళీ ఈ గట్టున కాలు పెట్టరాదనీ ఆజ్ఞాపించాడు. పంతం కొద్దీ ఇద్దరూ సరేనన్నారు.

ఈ సంగతి వినగానే సబ్బమ చేతిలో పని వదిలేసింది. ఇద్దరినీ పిలిచి, "ఒరేయ్, ఒకే గిన్నెలో కలిపి మీకిద్దరికీ ముద్దలు పెట్టాను. రేపు ఎవడు గెలిచినా నాకు ఒక తమ్ముడు తక్కువే కదరా!" అంది.

"అక్కా, ఇది శాస్త్రవిషయం. నీకు తెలియదు" అన్నాడు వజ్రశీలుడు.

"తెలియకనే నీ ముక్కు తుడిచానా నాయనా?"

సోమశివుడు కిసుక్కున నవ్వబోతే, "నీది ఇంకా ఎక్కువ కారేది, నువ్వు నవ్వకు" అని, సబ్బమ కొంగుతో కళ్ళొత్తుకుంటూ దీపం వేళయిందని కొండెక్కింది.

ఆ మార్గాలలో ఒక కట్టుబాటు ఉండేది. గురువు పేరు బయట పెట్టరాదు, గురువిచ్చిన మండలం తోబుట్టువుకైనా చూపరాదు. అందుచేత నిర్ణీత దినాన మంటపం మధ్య పెద్ద తెర కట్టి, చెరొక వైపు కూర్చుండబెట్టారు. బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, ఆకుపొడి, బొగ్గుపొడి పళ్ళెరాలలో పెట్టారు. ఉపవాసముండి, స్నానం చేసి వచ్చిన రాజు ఒక్కడే చూడడానికి అర్హుడు. సబ్బమ గర్భగుడి గడప దగ్గర కూర్చుని, "అమ్మా, నీ పేరేమిటో నేనెన్నడూ అడగలేదు, ఇప్పుడూ అడగను. నా పిల్లలిద్దరినీ ఈ గట్టునే ఉంచు" అని వేడుకుంది.

అష్టదళపద్మాలు రెండూ పూర్తి అయ్యేవేళకు నదిమీదనుంచి పెనుగాలి లేచింది. మంటపం బయట నిలుచున్న శిష్యుల పైపంచెలు ఎగిరిపోయాయి, తెర ముడులు వాటంతట అవే వీడి అది నేల వాలింది. ఆశ్చర్యమేమంటే, అంత గాలిలోనూ నేలమీది పిండి ఒక్క పలుకు కదలలేదు. అమ్మవారి లీల కాక మరేమిటి!

అన్నదమ్ములు ఒకరి మండలం ఒకరు చూసి, "నాది దొంగిలించావు!" అని ఒక్క గొంతుతో అరిచారు. రంగు రంగుకూ, గీత గీతకూ రెండూ ఒకటే. అంతే కాదు, రెండింటిలోనూ ఆగ్నేయపు రేకు పక్కకు వంకర తిరిగి ఉంది.

"ఈ వంకర ఎందుకు?" అన్నాడు రాజు.

కరుణ లోకంవైపు వంగడమే ఆ వంపు అని వజ్రశీలుడు చాలాసేపు వ్యాఖ్యానించాడు. శక్తి శివుడివైపు ఒరగడమే ఆ వంపు అని సోమశివుడు అంతకంటె ఎక్కువసేపు వ్యాఖ్యానించాడు. చెప్పి చెప్పి, ఉన్నట్టుండి ఆ రేకుమీదికి వంగి చూసి, అన్నవైపు తిరిగాడు.

"అన్నా, అక్కడ రోలుండేది కదూ?"

"ఏ రోలు?" అన్నాడు వజ్రశీలుడు, అప్పటికే నవ్వు బిగబట్టుకుంటూ.

"వాకిట్లో పాతిన రోలు. అవ్వ దాన్ని తప్పించి ముగ్గు తిప్పేది."

"ఒరేయ్, వ్రతభంగంరా!"

"గురువు పేరు చెప్పవద్దంది గాని, రోలు సంగతి చెప్పవద్దనలేదుగా!"

ఇక ఇద్దరూ మంటపంలో కూలబడి, పొట్టలు పట్టుకుని నవ్వారు. నది అవతల జొన్నచేల నడుమ గుడిసె వేసుకున్న ఒక యోగిని దగ్గరికి, అంటే ఆ అవ్వ దగ్గరికి, ఒకరికి తెలియకుండా ఒకరు, వేరువేరు ఏళ్ళలో వెళ్ళి ఉపదేశం పొందారన్నమాట. ఆమె వాకిట వేసి నేర్పిన మండలంలో రోలు తెచ్చిన వంకరకు ఇన్నేళ్ళూ ఇద్దరూ పరమార్థం చెబుతూ వచ్చారన్నమాట.

"ఇంతకూ ఆమె బుద్ధుణ్ణి కొలిచేదా, శివుణ్ణా?" అన్నాడు రాజు.

"నేనడగలేదు ప్రభూ" అన్నాడు ఒకడు. "ఆమె కూడా నన్నడగలేదు" అన్నాడు మరొకడు. ఆ యోగిని అప్పటికే దేహం చాలించింది గనుక చెప్పగలవారెవరూ లేకపోయారు. ఓడినవాడు లేనందున నది దాటవలసినవాడూ లేడని రాజు తీర్పు చెప్పాడు. సబ్బమ లేచి, "నవ్వింది చాలు, అన్నం చల్లారిపోతోంది" అని ఇద్దరినీ చెరొక చేత్తో పట్టుకుని దిగిపోయింది.

నాటినుంచి అది వంకరేకు తల్లి కొండ అయింది. మంటపం నేలమీద చెక్కిన వంకరరేకు పద్మాన్ని నేటికీ చూడవచ్చు. వైశాఖ పౌర్ణమినాడు ఒక వంశంవారు నల్లకలువలూ, ఒక వంశంవారు మారేడుదళాలూ తెస్తారు. ఈ విద్య ఎవరి నుంచి ఎవరికి వచ్చిందనే వాదం పండితులు ఇప్పటికీ మెట్లమీద కూర్చుని చేస్తూనే ఉంటారు, ప్రసాదం వేళకు లేస్తారు. ఆ గుడిలో మాత్రం గోత్రం అడగరు. అర్చన ఎవరి పేరున వారు చేయించుకునే ఆచారమూ లేదు. అన్నో తమ్ముడో, అక్కో చెల్లెలో, తోబుట్టువు పేరు చెప్పాలి. ఎవరూ లేని వారు వస్తే పూజారి తొందరపడడు. పక్కన నిలుచున్నవారి పేరు కనుక్కుని చెప్పమంటాడు.