లోపల లేని గాజు

బందరులో తీగ నగలు చేసేవాళ్ళు బోలెడుమంది. తెలివితో చేసేది మాత్రం మేమే. మా అన్నయ్య మౌనాచారి, రాజ్యం వదిన, నేను కలిసి ఆలోచించడం మొదలుపెడితే వీధిలోవాళ్ళు తలుపులు వేసుకుంటారు. మేమంటే అంత గౌరవం.

ఒకరోజు కాలేజీలో లెక్కలు చెప్పే విశాలాక్షి మేడం వచ్చింది. "నాలుగు రాగి తీగలు పక్కపక్కన అతికి పట్టీ చేయండి. దాన్ని సగం మెలితిప్పి చివరలు కలపండి. ఆ గాజుకి లోపల, బయట అని వేరే ఉండవు," అంది. బాగా చేస్తే కాలేజీ ప్రదర్శనలో మా నగలకి చోటిస్తానంది. అది అన్నయ్యకి చిన్నప్పటి కల. పాపం, కళ్ళు తుడుచుకున్నాడు.

మేడం వెళ్ళగానే వదిన బుర్ర గోక్కుంది. "లోపలే లేకపోతే చెయ్యి ఎక్కడ పెడతారండీ?"

ఇంకేముంది, అన్నాలు మానేసి ఆలోచించాం. చివరికి నాకే తట్టింది. గాజుని చేతి చుట్టూనే చేసేస్తే ఇక చెయ్యి దూర్చే పనేముంది? అంతే, కాలకుండా తడిగుడ్డ అడ్డం పెట్టి, వదిన మణికట్టుకే పట్టీ చుట్టి, మెలితిప్పి, అతికేశాం. ముచ్చటగా ఉంది. ఊడి మాత్రం రావడం లేదు.

సబ్బు రాశాం, నూనె పోశాం.

"లోపలే లేని గాజులో చెయ్యెలా ఇరుక్కుంటుందే? నీకలా అనిపిస్తోందంతే," అన్నాడు అన్నయ్య. వదిన కాసేపు నమ్మింది కూడా.

ప్రదర్శన రోజు వదిననే తీసుకెళ్ళి మేడంకి అప్పగించాం. "మీ గాజండీ. సాయంత్రం మనిషిని తిరిగిచ్చేయండి."

మేడం తల పట్టుకుని, "కత్తిరించెయ్యండయ్యా," అంది. అడ్డంగా కత్తిరిస్తే గాజు పాడవుతుందని, అన్నయ్య పట్టీ నడుమ అతుకు వెంట చుట్టూ కత్తిరించుకుంటూ పోయాడు. రెండు గాజులు అవుతాయనుకుంటే, రెండింతల గాజు ఒక్కటే తయారై వదిన చేతినుంచి జారిపడింది. మేడం పగలబడి నవ్వింది. "నేను పిల్లలకి చెప్పే లెక్క ఇదే," అని మాకొక బల్ల ఇచ్చింది. అన్నయ్య సంతోషం పట్టలేక ఏడ్చేశాడు.

బల్లేమో చిన్నది, నగలు పట్టలేదు.

"దానికేముంది, కోస్తే పెద్దదవుతుంది," అన్నాడు అన్నయ్య. అంతే, రంపం తెచ్చి నిలువునా కోశాం. రెండు ముక్కలై కూలబడింది. ముగ్గురం నోళ్ళు వెళ్ళబెట్టాం.

"మెలితిప్పడం మర్చిపోయాం," అన్నాను. మా ఇంట్లో అసలు తెలివి నాదే.

మేడం పరుగెత్తుకొచ్చేసరికి ఒక ముక్కని అన్నయ్యా నేనూ చెరో కొసా పట్టుకుని చెరోవైపు తిప్పుతున్నాం. వదిన చెయ్యి అడ్డం పెట్టి ఆవిడని ఆపింది.

"ఒక్క నిమిషం మేడం. బల్ల పెరుగుతోంది."