ముందొచ్చిన ఆకులు

“దంచవే వదినా, రాజుగారింట విందంట, చేట నిండా...” చేట నిండా ఏమిటో పైడమ్మకు ఎప్పుడూ గుర్తురాదు. అక్కడిదాకా పాడి మళ్లీ మొదలుపెడుతుంది.

ఒకానొక రాజ్యంలో రాజుగారి వంటశాలకు ఆవిడే పెద్ద. పుట్టింది మాత్రం ఏటికి అవతల, కొండ ఊళ్లలో.

ఆ రాజ్యంలో చెరువుల అధికారిని జనమే ఎన్నుకునేవారు. నచ్చినవాడి పేరు తాటాకు మీద రాయించి కుండలో వెయ్యాలి. ఎన్నిక రోజుకు రాలేనివాళ్లు ఆకు చుట్టి, లక్కముద్ర వేసి, పైన ఊరిపేరు రాయించి, అంచె మనిషి చేత ముందే పంపొచ్చు. చదువు రానివాళ్ల మనసు కూడా ఆకెక్కి అంత దూరం వస్తుందంటే పైడమ్మకు ఎంత అబ్బురమో!

ఎన్నిక ఇంకా మూడు రోజులుందనగా సింహవిక్రమ మహారాజు వచ్చిన ఆకులన్నీ ఊళ్లవారీగా పేర్పించాడు.

“రేవుపట్నం నుంచి తొమ్మిదొందలు, కొండ ఊళ్ల నుంచి నలభై! రేవుపట్నం పోటీలో ఉన్న మా బావమరిది ఊరు. ఇంకేముంది, గెలిచేశాడు. ఏటి పడవలు కట్టేయండి. కొండవాళ్లు రానక్కర్లేదు.”

మజ్జిగ తెచ్చిన పైడమ్మ అక్కడే ఆగిపోయింది. తనవాళ్ల మాట ఏటి అవతలే ఉండిపోతుంది.

“ముద్రలింకా విప్పనేలేదు గదా మహాప్రభూ?”

“విప్పేదేమిటి? మొదట వచ్చినవాళ్లను చూస్తే మిగతావాళ్లు తెలిసిపోరూ? నువ్వు వెళ్లి వంట చూసుకో.”

“చిత్తం. వంటే చూసుకుంటాను.”

మర్నాడు రాజుగారి పుట్టినరోజు విందు. బంగారు పళ్లెంలోకి చప్పటి జావ వచ్చింది. సేనాపతికీ జావే, మల్లులకూ జావే.

“గారెలేవి? పులిహోరేది?” రాజు గర్జించాడు.

“పొద్దున విందుకు మొదట వచ్చిన నలభైమందినీ అడిగాను మహాప్రభూ. అంతా ముసలివాళ్లు. పళ్లు లేవు, జావ చాలమ్మా అన్నారు. తమరు సెలవిచ్చారు గదా! రాజ్యంలో ఎవరికీ పళ్లు లేవనుకున్నాను.”

రాజు పళ్లు పటపట కొరికాడు.

“అయ్యో, తమరికున్నాయే!” అంది పైడమ్మ.

 రాజు ఆపుకోలేక నవ్వాడు. జావ ఒలికేదాకా నవ్వాడు.

“మరి ఆ తొమ్మిదొందలు?”

“అంచె గుర్రాలన్నీ రేవులోనే ఉన్నాయి, అందుకని ముందొచ్చాయి. లోపల ఎవరి పేరుందో ముద్రకే తెలుసు. కొండవాళ్లకు ఉన్నవి కాళ్లే గదా ప్రభూ, ఆ రోజుకే వస్తారు.”

రాజు మెడలోని ముత్యాలహారం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. పడవలు విప్పించాడు. ఎన్నికనాడు తానే ఆవిడను వెంటబెట్టుకుని ఏటి ఒడ్డుకొచ్చాడు.

కొండ దిగుతోంది జనం. పడవలు చాలలేదు. ఆడవాళ్లు ఆకులు కొప్పుల్లో దోపుకుని, మెడలోతు నీళ్లలో చేతులు పట్టుకుని వస్తున్నారు. ఒక ముసలాయన్ని కావడిబుట్టలో మోసుకొస్తున్నారు. వస్తున్నారు, ఇంకా వస్తున్నారు, వెనక చివర కనపడదు.

రాజు నీళ్ల అంచుదాకా దిగాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

“పైడమ్మా, నా రాజ్యంలో ఇంతమంది ఉన్నారా?”