పుక్కిటమ్మ కోపం

నల్లమల అంచున, పుక్కిటికొండ మీద వెలసిన అమ్మవారి బుగ్గలు ఉబ్బి, కళ్ళు ఎర్రబడి, పెదవులు బిగిసి ఉంటాయి. ఈ మధ్య కొందరు ఆమెను శాంతస్వరూపిణి అనీ, ఓర్పుకు మారుపేరు అనీ రాస్తున్నారు. వారు ఈ గుడి గడప తొక్కలేదని తెలిసిపోతూనే ఉంది. అమ్మ కోపంగా ఉంది. ఎందుకో తెలుసుకొని మరీ భక్తులు మెట్లెక్కాలి.

పూర్వం ఇక్కడ తేనె తీసే చెంచులు ఉండేవారు. మగడు తాడు పట్టుకొని కొండచరియకు వేలాడితే, పైన ఆ తాడు పట్టేది భార్య తోబుట్టువే. చెల్లెలి పసుపుకుంకుమలు కోరేవాడు తాడు వదలడని నమ్మకం. తాడు పట్టినవారు నోరు మెదపరాదు. ఎవరెంత అరిచినా కిందివాడు లెక్కచేయడు గాని, తాడు పట్టినవారి గొంతు వినబడిందంటే తాడు జారిపోతోందని గుర్తు. కిందివాడు వెంటనే తాడు వదిలి బండను కరుచుకోవాలి.

ఒక ఏడు బయమ్మ అనే చెంచు ఇల్లాలి అన్న జ్వరంతో కన్నుమూశాడు. మరొకరిని నమ్మలేక, భర్త ఈదన్నకు ఆమే తాడు పట్టింది. మద్దిచెట్టుకు ఒక చుట్టు తిప్పి, కొసను నడుముకు కట్టుకొని కూర్చుంది. ఈదన్న వేలాడుతున్న చోట చరియ నున్నగా ఉంది. కరుచుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

సరిగ్గా అప్పుడే తేనె పట్టుకుపోదామని పాలెగాడి బంటు ఒకడు వచ్చాడు.

"ఏందే, ఆడది తాడు పట్టిందా? మొగుణ్ణి కింద పడేసి ఇంకోణ్ణి చూసుకుందామనా?"

బయమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. జవాబు నాలుక చివరనే ఉంది. నోరు తెరిస్తే ఈదన్న పోతాడు. పక్కనున్న సొరకాయ బుర్ర ఎత్తి, నోటినిండా నీళ్ళు పోసుకొని మాటకు అడ్డుకట్ట వేసింది.

బదులు రాకపోయేసరికి వాడికి అలుసైపోయింది. "మీ అన్న కుక్కచావు చచ్చినాక నోరు పడిపోయిందా?" అంటూ చెంప పగలగొట్టాడు. పుక్కిట నీళ్ళలో నెత్తురు కలిసింది. చుక్క బయటికి రాలేదు. వాడి చెయ్యి విరిగిపోను! ఇది చెప్పేటప్పుడు మాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈదన్న రెండుసార్లు తాడు గుంజాడు. ఆమె లాగింది. తేనెబుట్టతో అతడు పైకొచ్చి నేల మీద కాలు మోపాక, బయమ్మ పుక్కిట ఉన్నదంతా బండ మీద ఉమ్మి లేచి నిలబడింది.

"మాటల్లేక కాదురా! నీ దెబ్బకు జడిసీ కాదు. ఇందాక నా తాడు కొసన మనిషుండాడు. ఇప్పుడు లేడు. ఏందో అంటివే, మళ్ళా అను!"

వాడు వచ్చిన దారినే పోయాడు.

కొన్నాళ్ళకు ఆ ఎర్రమరక పడిన బండలో ఉబ్బిన బుగ్గల రూపు తేలింది. "నీ పుక్కిట ఉన్నది నేనే. నన్ను చల్లార్చవద్దు" అని అమ్మ బయమ్మకు కలలో చెప్పింది. అందుకే ఈ గుడిలో శాంతిపూజలు చేయరు.

నేటికీ బయమ్మ వంశపు ఆడపడుచులే ఇక్కడ పూజారులు. కోపంతో వచ్చినవారు దిగువ సెలయేటి నీళ్ళు పుక్కిట పట్టి, నూటపది మెట్లెక్కి, అమ్మ బండ మీద వదులుతారు. అలా చేసినవారి ఇంటి ప్రాణాలకు అమ్మ కాపు ఉంటుంది. అయితే సెలయేటి దగ్గరే పూజారమ్మ అడుగుతుంది: "నీ తాడు కొసన ఎవరుండారు?" పేరు చెప్పినవారికి దోసిట్లో నీళ్ళు పోస్తుంది. ఎవరూ లేరన్నవారికి పోయదు.

"మరి ఎవరికోసం కోపం మింగుతుండావు తల్లీ? పో, నిన్ను అన్నవాడి ముఖానే అడిగిరా" అంటుంది.

అలా వెనుదిరిగినవారికీ అమ్మ తోడుంటుంది.