ఫిడేలు తాత ఎడమ కన్ను

శేషాచలం మాస్టారు ఎవరి పనినీ బాగుందని గాని, బాగాలేదని గాని అనేవారు కారు. బొమ్మను కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి వాళ్ల చేతిలోనే పెట్టేవారు. ముప్పై ఏళ్లు నాటక సమాజాలకు లైటింగు చేసిన మనిషి. ఆ పని మానుకున్నాక, కాకినాడలో తన మేడమీద గదిలో పెద్దవాళ్లకు ప్లాస్టిక్ బొమ్మలు కూర్చడం నేర్పుతూ ఉండేవారు. పెట్టెలో ముక్కలు ముక్కలుగా వచ్చే మనిషి బొమ్మను అతికించి, రంగులు వేసి, చివరికి చిన్న బల్బు అమర్చి నిలబెట్టడం అక్కడి విద్య.

ఒక ఆదివారం ఉదయం ఇందుమతి అనే శిష్యురాలు ఆయన్ని ఒక ప్రశ్న అడిగింది. ఆమె మందుల షాపు నడుపుతుంది. ఏ పనిలోనూ చిన్న తేడా కూడా సహించలేని మనిషి.

"మాస్టారూ, నా బొమ్మ చెంప మీద జిగురు మరక ఉండిపోయింది. దీపం ఇటు కాకుండా అటు పెడితే మరక నీడలోకి పోతుంది. అలా దాచడం తప్పంటారా?"

మాస్టారు తప్పనీ అనలేదు, కాదనీ అనలేదు. దైవసహాయం సంగతి చెప్పారు.

దైవసహాయం జగన్నాథపురంలో పడవల మీద పేర్లు రాసేవాడు. ముందు గీత గీసుకోకుండానే అక్షరాలు తిన్నగా దించుతాడని అతనికి పేరు. యాభై నాలుగో ఏట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. కొన్నాళ్లకు మాట తిరిగొచ్చింది గాని చెయ్యి రాలేదు. పగలంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎడమ చేతి వేళ్లకు ఏదైనా సన్నపని అలవాటు చెయ్యమని డాక్టరు చెబితే, భార్య కరుణమ్మ అతన్ని ఒక్కొక్క మెట్టే ఎక్కించి మాస్టారి గదికి తీసుకొచ్చింది.

అక్కడున్న పెట్టెల్లో అతను ఒకటి ఎంచుకున్నాడు. వీధి దీపం కింద బల్ల మీద కూర్చుని ఫిడేలు వాయించే ముసలాయన బొమ్మ అది. నాలుగు నెలలు పట్టింది. ముక్కలు కత్తిరించడం, అతుకుల మీద గరుకు కాగితం రుద్దడం, కోటుకు రంగు వెయ్యడం, అన్నీ ఎడమ చేత్తోనే. ఫిడేలు కమాను రెండుసార్లు విరిగింది. రెండుసార్లూ అతికించాడు. కరుణమ్మ పక్కన కూర్చుని బొమ్మను కదలకుండా పట్టుకునేది.

కళ్లు చివర మిగిలాయి. బియ్యపు గింజలో సగం కూడా లేని కన్ను అది. కుడి కన్ను వేసేటప్పుడు మాస్టారు అతని మణికట్టు పట్టుకున్నారు. చక్కగా వచ్చింది. ఎడమ కంటికి వచ్చేసరికి దైవసహాయం మెల్లగా అన్నాడు.

"వదిలెయ్యండి మాస్టారూ. ఇది నేనేత్తాను."

మూడుసార్లు వేసి మూడుసార్లు తుడిచాడు. నాలుగోసారి వేసింది ఉంచేశాడు. నల్లగుడ్డు ఒక మూలకు జారిపోయింది. ఆ కంటి వంక కాసేపు చూసి, బ్రష్షు కడిగి పెట్టి వెళ్లిపోయాడు.

మాస్టారి మనసు ఊరుకోలేదు. ఆ వారమంతా కూర్చుని దీపస్తంభంలోంచి సన్నని వైరు దించి, బల్బు పెట్టి, స్తంభాన్ని బొమ్మ కుడివైపు నిలబెట్టారు. స్విచ్చి వేస్తే ముఖంలో ఒక సగం వెలిగింది, రెండో సగం నీడలో కలిసిపోయింది. ముసలాయన తన పాట తనే వింటున్నట్టు ఉన్నాడు. ఆదివారం నాడు గదిలో అందరూ చుట్టూ చేరి మెచ్చుకున్నారు. దైవసహాయం మాస్టారికి దణ్ణం పెట్టి, బొమ్మను ఇంటికి తీసుకెళ్లాడు. ఆ తర్వాత మూడు వారాలు రాలేదు.

నాలుగో వారం కరుణమ్మ ఒక్కతే వచ్చింది. ఒళ్లో తువ్వాలు, తువ్వాల్లో బొమ్మ.

"దీపం ఏత్తే ఆయన మొహం తిప్పేసుకుంటున్నారండి మాస్టారూ," అంది. "నేను ఏత్తాను, ఆయన తీసేత్తారు. మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటున్నారు."

"ఏం నచ్చలేదమ్మా?"

కరుణమ్మ చెప్పడానికి కాస్త మొహమాటపడింది. తర్వాత బొమ్మ ముఖం మీద వేలు ఉంచి చూపించింది.

"ఈ కన్ను మీరు ఆయన చెయ్యి పట్టుకుని ఏయించారండి. ఈ రెండోది ఆయన ఒక్కరే ఏసుకున్నారు. మీరు దీన్నే చీకట్లో ఎట్టేశారు."

మాస్టారు బొమ్మను అందుకుని బల్ల మీద పెట్టారు. తర్వాత స్తంభాన్ని జాగ్రత్తగా ఊడదీసి, రెండోవైపు కొత్తగా కన్నం చేసి, వైరు లాగి, అటు నిలబెట్టారు. కరుణమ్మే స్విచ్చి వేసింది. వెలుతురు నేరుగా ఎడమ కంటి మీద పడింది. వంకర స్పష్టంగా కనబడింది. ముసలాయన ఇప్పుడు పాట వింటున్నట్టు లేడు; వాయిస్తూ వాయిస్తూ ఎవరో వచ్చినట్టనిపించి ఓరగా చూస్తున్నట్టున్నాడు. కరుణమ్మ నవ్వింది. ఆవిడ నవ్వగా చూడడం మాస్టారికి అదే మొదలు.

ఆ తర్వాతి ఆదివారం దైవసహాయం వచ్చాడు. భార్య చెయ్యి పట్టుకోకుండా, గోడ పట్టుకుని మెట్లెక్కాడు. బొమ్మ ప్రస్తావన ఎవరూ తేలేదు. అలమరలో పెట్టెలు ఒక్కొక్కటే దించి చూసి, వల లాగుతున్న ముగ్గురు జాలరుల పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇందులో ఆరు కళ్లున్నాయండి," అన్నాడు. "మీరు దూరంగా కూర్చోండి."

మాస్టారు అంతవరకు చెప్పి ఆపారు. ఇంకేమీ చెప్పరని తెలిశాక ఇందుమతి అడిగింది.

"ఆ ఆరు కళ్లూ బాగా వచ్చాయా మాస్టారూ?"

"నాలుగు బాగా వచ్చాయమ్మా," అన్నారాయన. "మిగిలిన రెండూ చూడ్డానికే అప్పుడప్పుడు వాళ్లింటికి వెళ్లి వస్తుంటాను."