ఉప్పుటేటి గంట

అనగనగా ఒక ఉప్పుటేరు. ఆ ఏరు కడలిలో కలిసే చోట, మొగలిపొదల చాటున, ఒక చేపల పల్లె. ఎప్పటి మాటో చెప్పలేను గానీ, పీతలు మనుషులతో మాట్లాడే రోజుల మాట.

ఆ పల్లెవాళ్ళు నడిసముద్రానికి పోయేవారు కారు. కడలి పోటెత్తి ఏట్లోకి వచ్చినప్పుడు నీటి వెంట చేపలూ వస్తాయి. నీరు నిండి కాసేపు కదలక నిలుస్తుంది. సరిగ్గా అప్పుడు ఏటికి అడ్డంగా వల కట్టాలి. నీరు వెనక్కి తీస్తుంటే చేపలు వలలో నిలిచిపోతాయి. తొందరపడి కడితే చేప లోపలికే రాదు. ఆలస్యం చేస్తే వచ్చింది వచ్చినట్టే వెళ్ళిపోతుంది.

ఆ వేళ చెప్పేది దేశమ్మ. ఏటి ఒడ్డున తాటిమొద్దు మీద కూర్చుని బురదకేసి చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి లేచి "పోటొత్తందర్రో!" అని ఒక్క కేక పెట్టేది. పల్లె పల్లంతా వలలు భుజాన వేసుకుని కదిలేది. ఆవిడ ఉండగా ఇంకెవరికీ ఏటిని చూసుకునే పనే పడలేదు.

దేశమ్మ ఇంట్లో కుండ కూడా పోటును బట్టే పొయ్యెక్కేది. ఇవాళ పొద్దున్నే బువ్వ తింటే రేపు ఇంకాస్త పొద్దెక్కాక, ఎల్లుండి ఇంకా పొద్దెక్కాక. నాలుగు రోజులయ్యేసరికి పొద్దుటి బువ్వ కాస్తా మిట్టమధ్యాహ్నానికి జరిగేది. ఆమె కొడుకు ఎల్లాజీకి అదంటే పరమ చిరాకు.

"అందరమ్మలూ ఏళకి బువ్వెడతారు. నువ్వెందుకెట్టవే?" అని పేచీ పెట్టేవాడు.

"ఏళకే ఎడతన్నాను కదరా నాయినా," అని దేశమ్మ నవ్వేది. "మన ఏళ కాదు, గంగమ్మ ఏళ." అలా నవ్వుతూనే పులుసులోంచి చేప తలకాయ ఏరి వాడి గిన్నెలో వేసేది.

కాలం ఆగుతుందా? దేశమ్మ పోయింది. ఆ తరవాత పల్లెవాళ్ళు ఏటికేసి చూసి, ఉజ్జాయింపుగా వల కట్టుకుంటూ నెట్టుకొచ్చారు. ఎల్లాజీ తల నెరిసి ఊరి పెద్ద అయ్యాడు. ఒకనాడు ఇసుకమేటలో చిక్కిన ఓడను పల్లెవాళ్ళు లాగిపెడితే, ఆ ఓడ వర్తకుడు మురిసిపోయి, "ఏం కావాలో కోరుకో," అన్నాడు.

"మంచి కంచుగంట ఒకటి ఇప్పించండి బాబూ," అన్నాడు ఎల్లాజీ. చిన్ననాటి చిరాకు ఇంకా ఎక్కడో మిగిలే ఉంది మరి.

గంట వచ్చింది. "ఇక మీదట పొద్దు బారెడెక్కగానే గంట కొడతాను. అప్పుడే వల, ఆ పైన బువ్వ. రోజూ ఒకటే ఏళ!" అని చాటాడు. మొదటి రోజు పున్నమి. గంట మోగింది, వల నిండింది. పల్లె ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అప్పటి నుంచి ఏటికేసి చూసేవారే లేకపోయారు. గంట ఉండగా ఏటితో పనేమిటి?

రోజులు గడిచేకొద్దీ వల తేలిపోసాగింది. గంట సరిగా వినబడటం లేదన్నారు. పొడవాటి తాటిదూలం పాతి, దాని కొసన కట్టారు. చేప పడలేదు.

వలకన్ను పెద్దదయిందన్నారు. ఆడవాళ్ళు వేళ్ళు కందిపోయేలా సన్నకన్ను వల అల్లారు. చిప్పలూ నాచూ పడ్డాయి గానీ చేప పడలేదు.

గంటకు కోపమొచ్చిందన్నారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆ రోజు అమావాస్య. వల చిరిగేటన్ని చేపలు! ఇంకేముంది, గంటకు రోజూ పూజలే. కానీ అష్టమి వచ్చేసరికి మళ్ళీ పిల్లలకు గంజినీళ్ళే మిగిలాయి.

ఏకాదశి నాడు ఎల్లాజీ అల్లుడు కామయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళని సూత్తాం మావా? దచ్చినాన ఏరే రేవుందంట. మాపటికి అందరం పడవలెక్కేత్తాం. నీ కూతుర్నీ తీసుకుపోతన్నాను. రమ్మంటే నువ్వు రావని తెలుసు."

ఎల్లాజీ లేచి బయటికి వచ్చాడు. పుట్టి పెరిగిన పల్లె, తల్లిని సాగనంపిన ఒడ్డు, సాయంత్రానికి ఖాళీ అయిపోతుంది. కాళ్ళు ఎటు తీసుకుపోతే అటు నడిచాడు. అవి తాటిమొద్దు దగ్గరికి తీసుకుపోయాయి. అమ్మ కూర్చునీ కూర్చునీ నున్నబడిన మొద్దు అది. దాని మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏం ఎల్లాజీ, ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా ఈ మొద్దు?" అన్నదెవరో. చూస్తే, బురదలో కన్నం ముందు ఒక చెయ్యి పెద్దది, ఒక చెయ్యి చిన్నది అయిన ముసలి పీత.

"నీకు మా యమ్మ తెలుసా?"

"తెలియకేం? రోజూ నా గుమ్మంకేసే కదా చూసేది! పోటు రాబోయే ముందు నేను బురదముద్దతో తలుపు మూసుకుంటాను. నేను తలుపేస్తే ఆవిడ కేకేసేది. పోటు రోజుకు రెండు గడియలు వెనక్కి జరుగుతుంది నాయనా. నీ గంటేమో ఉన్నచోటే ఉంటుంది."

"మరి పున్నానికీ అమాసకీ చేపలెలా పడ్డాయి?"

"జరిగి జరిగి ఆ రోజులకు పోటే మీ గంట దగ్గరికి వచ్చింది. మీరేమో గంటే పోటును పిలిచిందనుకున్నారు. కొబ్బరికాయ కూడా కొట్టారు!" అని పీత గుంభనంగా నవ్వింది.

ఎల్లాజీ నున్నటి మొద్దును చేత్తో తడిమాడు. అమ్మ బురదకేసి ఏం చూస్తోందో తనెప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పేదే. బువ్వ ఆలస్యమైందని అలగడమే సరిపోయింది.

"ఇప్పుడు ఏళెంతయింది తల్లీ?" అన్నాడు.

పీత బురదముద్ద లాక్కుని తలుపు మూసుకుంది.

ఎల్లాజీ ఒక్క ఉదుటున లేచాడు. రేవులో అప్పటికే పడవల్లో కుండలు సర్దుతున్నారు.

"ఒక్క పోటు ఆగండర్రా! వలలు తీయండి!"

"పొద్దు వాలతంటే వలేటి మావా? గంటెప్పుడో కొట్టీసినావు కదా!" అన్నాడు కామయ్య. నలుగురూ నవ్వారు.

ఎల్లాజీ గుండెల నిండా గాలి పీల్చుకుని, "పోటొత్తందర్రో!" అని కేక పెట్టాడు.

నవ్వులు ఆగిపోయాయి. పడవలో మూట మీద కూర్చున్న ముసలమ్మ ఒకతె తల ఎత్తింది. "దేశమ్మ కేకరా అది! నా పెళ్ళినాడు ఇన్నాను. దిగండి, దిగండి!" అంటూ తనే ముందు నీళ్ళలోకి దిగింది. ముసలమ్మే దిగాక వయసువాళ్ళు పడవలో ఎలా కూర్చుంటారు?

ఏరు నిండుగా వచ్చి నిలిచింది. వల కట్టారు. నీరు తీయసాగింది. వెన్నెల పరుచుకునేసరికి వల నిండా కట్టిపరిగె చేపలు, మాగచేపలు, మీసాల రొయ్యలు తళతళలాడాయి. పడవల్లోంచి కుండలు దిగి, తిన్నగా పొయ్యిల మీదికెక్కాయి.

ఆ రాత్రి కూతురు తండ్రి గిన్నెలో చేప తలకాయ వేసి, "బువ్వేళ దాటిపోయింది నానా," అంది నొచ్చుకుంటూ.

"లేదమ్మా, ఏళకే ఎట్టావు," అన్నాడు ఎల్లాజీ. ముద్ద నోట్లో పెట్టుకోకుండానే వలవలా ఏడ్చాడు.

మర్నాడు గంటను దింపి తాటిమొద్దు పక్కన కట్టారు. పీత తలుపు మూసినప్పుడే అది మోగేది. ఒకరోజు పొద్దున్న, ఒకరోజు మధ్యాహ్నం, ఒకరోజు దీపాలవేళ. ఆ పల్లెలో బువ్వ ఆలస్యమైందని మళ్ళీ ఎవరూ అలగలేదు.

పిల్లలూ, కడలి మన వేళకు రాదు. పెద్దలను అడిగి దాని వేళ తెలుసుకుని, మనమే దాని దగ్గరికి వెళ్ళాలి.