పప్పుడకని ఊళ్ళో బొబ్బట్లు

అనగనగా తెల్లరాళ్ళపాడని ఒక ఊరు. కాళ్ళు ఆడించకు, కథ వినాలంటే కుదురుగా పడుకోవాలి. ఆ ఊళ్ళో ఎక్కడ తవ్వినా సున్నపురాళ్ళే. ఆ రాళ్ళ సందుల్లోంచి ఊరిన నీళ్ళే ఇంటింటి కుళాయిలోకీ వచ్చేవి. చూడ్డానికి తేటగానే ఉండేవి గానీ, అబ్బో, వాటి మొండితనం నీకంటే ఎక్కువ.

ఆ ఊరికి హైమ అనే పిల్ల కొత్తకోడలిగా వచ్చింది. హైమ పుట్టిల్లు కాలవ ఒడ్డున. వచ్చిన మర్నాడు తలకి సబ్బు రుద్దుకుంటే ఎంతకీ నురగ రాలేదు, జుట్టు కొబ్బరి పీచులా అయింది. ఆ తర్వాత పుట్టింటి ఇత్తడి బిందెలో నీళ్ళు పట్టింది. నాలుగు రోజులకే లోపలంతా తెల్లగా గార కట్టింది. ఆ తర్వాత పప్పు పొయ్యి మీద పెట్టింది. అది పొద్దంతా కుతకుతలాడిందే గానీ ఉడకలేదు.

"మా ఇంట్లో పప్పు ఇంతే, నమిలి తినాలి," అంది అత్తగారు నాంచారమ్మ. ఆవిడ మాట కాస్త పెళుసు. మామగారు కరకరా నమిలేసి చెయ్యి కడుక్కున్నాడు. అలా నమిలీ నమిలీ ఆ ఊరి వాళ్ళ దవడలు గట్టిపడిపోయాయి.

అంతలో ఉగాది వచ్చేస్తోంది. కొత్తకోడలు మొదటి ఉగాదికి తన చేత్తో తీపి చేసి వీధిలో ఇంటింటికీ పంచాలి, అది అక్కడి పద్ధతి. హైమ వాళ్ళమ్మేమో బొబ్బట్లకు పెట్టింది పేరు. అందుకని ఈ పిల్ల, "నేను బొబ్బట్లు చేస్తానత్తయ్యా," అని వీధంతా వినేలా చెప్పేసింది.

నాంచారమ్మ మొహం చిన్నబోయింది. "మనకి బొబ్బట్ల ఆనవాయితీ లేదు. అరిసెలు చెయ్యి," అంది. పక్కింట్లో అడిగితే వాళ్ళకూ ఆనవాయితీ లేదట. ఎదురింట్లో అడిగితే వాళ్ళకూ లేదట. ఊరందరికీ ఒకటే ఆనవాయితీ ఏమిటో హైమకి అర్థం కాలేదు. అయినా చేస్తానని చెప్పేసిందిగా, మాట ఎలా తప్పుతుంది?

అప్పుడు శనగపప్పు ఉడకబెట్టి చూసింది. గులకరాళ్ళే. మళ్ళీ రాత్రంతా నానేసి ఉడకబెట్టింది, అయినా మెదగలేదు. మూడోసారి వంటసోడా వేసింది. మెత్తబడింది గానీ, నోట్లో వేసుకుంటే సబ్బు తిన్నట్టుంది. థూ. "నా చెయ్యే పాడైపోయింది. రేపు మా అమ్మ పరువు తీసేస్తాను," అని పెరట్లో కూచుని ఏడ్చింది. పాపం, నిజంగానే భయపడిపోయింది తల్లీ.

ఏడుస్తూనే బట్టలు ఉతకడం మొదలుపెట్టింది. పని ఆగదు కదా. అప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎండాకాలం వాన దబదబా కురిసింది. చేతిలో సబ్బు తడిసింది. చూస్తే ఏముంది, నురగే నురగ. మోచేతుల దాకా నురగ, ముక్కు మీద నురగ. హైమ కుళాయి వంక చూసింది, మబ్బు వంక చూసింది, పకపకా నవ్వింది. చెయ్యి బాగానే ఉంది, నీళ్ళే మొండివి.

అప్పుడు గబగబా వెళ్ళి ఉతికిన తెల్లపంచె తెచ్చి, నాలుగు కొసలూ పెరట్లో నాలుగు గుంజలకి కట్టింది. మధ్యలో కడిగిన గులకరాయి వేసి, దాని కింద బిందె పెట్టింది. పుట్టింటి ఊళ్ళో కాలవ ఎండినప్పుడు వాన నీళ్ళు అలాగే పట్టేవాళ్ళు. మామగారు వచ్చి చూసి, "నా పంచె ఏం పాపం చేసిందమ్మా?" అన్నాడు.

మర్నాడు పండగ. వాన నీళ్ళలో ఉడికిన పప్పుని వేలితో నొక్కితే వెన్నలా మెదిగింది. బెల్లం, యాలకులు వేసి పూర్ణం చేసింది. నెయ్యి వేసి కాలుస్తుంటే ఇల్లంతా ఘుమఘుమ. మొదటి బొబ్బట్టు అత్తగారి చేతిలో పెట్టింది.

నాంచారమ్మ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమలబోతే నమలడానికేం లేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేనూ మొదటి ఉగాదికి బొబ్బట్లే చెయ్యబోయానే అమ్మాయ్. పప్పుడకలేదు. నా చేతికే వాసి లేదనుకున్నాను. సిగ్గేసి, మాకు ఆనవాయితీ లేదని అందరికీ చెప్పేశాను. ఇన్నేళ్ళూ ఈ చేతినే తిట్టుకున్నాను," అంది. హైమ ఆ చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుంది.

ఆ తర్వాత నాంచారమ్మ తనే పళ్ళెం పట్టుకుని బయల్దేరింది. "మన చేతులు మంచివేనర్రా, తప్పంతా కుళాయిది," అని ఇంటింటా చెప్పింది. పక్కింటావిడ గుమ్మంలోనే కూలబడి నవ్వింది. ఎదురింటావిడ ముందు ఏడ్చి, తర్వాత నవ్వింది. వాళ్ళ మొదటి ఉగాదికీ పప్పుడకలేదట, వాళ్ళూ అదే అబద్ధం చెప్పారట. చివరింటి ముసలమ్మకి పళ్ళు లేక పప్పు తిని ఎన్నేళ్ళయిందో. ఆవిడ బొబ్బట్టు చప్పరించి తినేసి, "ఇంకోటుందా?" అంది.

ఇక అప్పట్నుంచీ మబ్బు పడితే చాలు, ప్రతి పెరట్లోనూ పంచెలు కట్టేసేవాళ్ళు. వానాకాలం వస్తే ఆ ఊరి మగాళ్ళకి పొడి పంచె దొరకడమే కష్టమైపోయింది.

వాన పడె పంచెలో,
నీళ్ళు నిండె బిందెలో,
పప్పు మెదిగె చేతిలో,
బొబ్బట్టేమో నోటిలో.
కథేమో కంచి దారి,
నువ్వేమో నిద్ర దారి.