బుట్టలో వేయని మాత్ర

"దేవుణ్ణి నమ్మినవాడికి మందుతో పనేముంది, స్వామీ?" అని నాగభూషణం అడిగాడు. పెన్న ఒడ్డున చిన్న ఆశ్రమం నడిపే చిదంబరయ్యగారు ఏ ప్రశ్నకూ ఆ రోజే జవాబిచ్చేవారు కాదు. పెద్ద శిష్యుడైన నాగభూషణం ఆ మౌనాన్ని అంగీకారంగా తీసుకున్నాడు.

మర్నాడు తొమ్మిది రోజుల పారాయణ దీక్ష మొదలు. లోపలికి వచ్చేవాళ్లు తమ మందులు వదిలి రావాలంటూ అతను గుమ్మం దగ్గర వెదురుబుట్ట పెట్టాడు. చాలామంది మారుమాటాడకుండా వేశారు. ఆర్టీసీ కండక్టరు ఓబులమ్మ మాత్రం బుట్టను దాటి నడిచింది. ఈ దీక్ష కోసమే ఆమె ఏడాదిగా సెలవులు మిగుల్చుకుంది. ఆమెకు చాలా ఏళ్లుగా షుగరు. మూత్రంలో ప్రొటీను పోతోందని ఈమధ్యే పరీక్షలో తేలింది. కిడ్నీలు మరింత దెబ్బతినకుండా డాక్టరు బీపీ మాత్ర రాశాడు.

"మాత్రలు ఇటివ్వు, ఓబులమ్మా."

"ఇయ్యను."

"ఒంట్లో ఏమన్నా బాధుందా?"

"ఏం లేదన్నా. గుండ్రాయిలా ఉండా."

"మరింకేం? ఈ మాత్రలు మింగీ మింగీ కిడ్నీలు పాడుచేసుకుంటారు. దేవుడి మీద నమ్మకం లేకపోతే వెనక్కి పో."

"దేవుణ్ణి నమ్ముతా. నీ బుట్టనే నమ్మను. షుగరుకు బీపీ తోడైతే కిడ్నీలు పోతాయని డాక్టరు చెప్పినాడు. వాటిని కాపాడేదానికే ఇది. దిగమంటే దిగేదానికి నేను ప్యాసింజర్ని కాదు, కండక్టర్ని."

వెనక ఎవరో నవ్వారు. ఆమె సంచిలోంచి నీళ్ల సీసా తీసి, అందరూ చూస్తుండగా ఆ రోజు మాత్ర మింగింది. దీక్ష చెడిందని నాగభూషణం కేకవేశాడు. ఆమె గుమ్మంలోంచి కదల్లేదు.

కేక విని చిదంబరయ్యగారు బయటికి వచ్చారు. ఇద్దరూ చెప్పింది విన్నారు. తర్వాత, ఎవరూ అనుకోని విధంగా, నాగభూషణం ముఖానున్న కళ్లజోడు తీసి బుట్టలో వేశారు.

"పారాయణ మొదలుపెట్టు."

నాగభూషణం గ్రంథం తెరిచాడు. దగ్గర పెట్టి చూశాడు, చేయి చాపి దూరంగా పట్టుకుని చూశాడు. చదవబోయి మొదటి పాదంలోనే ఆగిపోయాడు.

"అక్షరాలన్నీ అలుక్కుపోయాయి, స్వామీ. ఒక్క ముక్కా కనబడటం లేదు. కళ్లజోడు ఇప్పించండి."

గురువుగారు బుట్టలోంచి దాన్ని తీసి, ఉత్తరీయంతో తుడిచి, అతని చేతికిచ్చారు. ఓబులమ్మను లోపలికి వెళ్లి కూర్చోమన్నారు. వరుసలో ఉన్న ఒక ముసలాయన ముందుకు వచ్చి, ఎవరినీ అడక్కుండా బుట్టలో చేయిపెట్టి తన మందులు తీసుకున్నాడు.

నాగభూషణం కళ్లజోడు పెట్టుకున్నాడు.

"నీ కళ్లు వెంటనే చెప్పాయి," అన్నారు గురువుగారు. "కిడ్నీలకు ఆ అలవాటు లేదు."